వేసవికి కొంటానన్న సైకిల్

తెనాలి,
ఆగస్టు మొదటి వారం

అమ్మలూ,

మీ వీధిలో బ్రెడ్ షాపుతో సహా అన్నీ మూసేసి వేసవి సెలవుల బోర్డులు పెట్టారని, మాడ్రిడ్ అంతా సముద్రానికి పోయి నువ్వొక్కదానివే మిగిలినట్టుందని మొన్న ఫోన్లో చెప్పావు. నీ గొంతు విన్నప్పటి నుంచి మీ అమ్మకి ఒకటే టెన్షన్. నాకు మాత్రం రెండు నాటకాలు గుర్తొచ్చాయి. నవ్వకు. ముప్పయ్యేళ్ళు నాటక పరిషత్తుల చుట్టూ తిరిగిన బుర్ర ఇంకెలా పనిచేస్తుంది?

నువ్వు వెళ్ళినప్పటి నుంచి స్పానిష్ నాటకాలు ఇంగ్లీషులో దొరికినవి చదువుతున్నాను, సబ్‌టైటిల్స్ పెట్టుకుని వాళ్ళ సినిమాలు చూస్తున్నాను. నాకు అర్థమైనంతలో వాళ్ళ పాటల్లో వేసవి వేరు, నాటకాల్లో వేసవి వేరు.

పాటల సంగతి నీకే బాగా తెలుసు. ఏటా ఒక పాట ‘ఈ వేసవి పాట’ అనిపించుకుని ఊళ్ళన్నీ ఊపేస్తుందట కదా. 1996లో ‘మకరేనా’ అమెరికా చార్టులో 14 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. 2017లో ‘దెస్పసీతో’ 16 వారాలు. ఆ ఏడు మన వీధి వినాయకుడి నిమజ్జనంలో కూడా అదే మోగింది, ముక్క అర్థం కాకపోయినా అందరూ ఎగిరారు. నాకు నచ్చింది మాత్రం దూవో దినామికో అనే జంట 60లలో పాడిన పాట. వేసవి అయిపోయింది, నువ్వెళ్ళిపోతావు అంటుంది, అంతే. 1981లో మొదలైన ‘వెరానో అసూల్’ అనే టీవీ సీరియల్ చివరి భాగంలో దాన్ని వాడుకున్నారు. నెర్హా అనే సముద్రపు ఊళ్ళో తీశారు. సెలవులకొచ్చిన పిల్లలు, వాళ్ళతో స్నేహం చేసిన చాంకేతె అనే ముసలాయన. చివర్లో ఆయన పోతాడు, పిల్లలు ఇళ్ళకు పోతారు. అక్కడ మా వయసు వాళ్ళ దగ్గర ఆయన పేరెత్తి చూడు.

ఇక నాటకాలు. మధ్యాహ్నం పెర్సియానాలు, అదే కిటికీల షట్టర్లు, కిందికి దించేసి చీకట్లో కూర్చుంటున్నానన్నావే, స్పెయిన్ కవి లోర్కా రాసిన ‘బెర్నార్దా ఆల్బా ఇల్లు’ నాటకంలో ఇల్లు అచ్చం అలాంటిదే. బెర్నార్దా మొగుడు చనిపోయాడు. ఎనిమిదేళ్ళు మైల, వీధి గాలి కూడా లోపలికి రాకూడదంటుంది ఆ తల్లి. లోపల పెళ్ళి కాని ఐదుగురు కూతుళ్ళు. స్టేజీ మీద ఒక్క మగవాడు కనబడడు. బయట కోతలకొచ్చిన కూలీలు పాడుకుంటూ పోతుంటే లోపల ఆడపిల్లలు చెవులు రిక్కించి వింటారు. చిన్నది తన ఆకుపచ్చ గౌను తొడుక్కుని పెరట్లో కోళ్ళకు చూపిస్తుంది, ఇంకెవరికి చూపిస్తుంది పాపం! మూడో అంకంలో లోపల బంధించిన మగ గుర్రం గోడను తన్నుతుంది. ఉక్కపోస్తోంది కాబోలు అంటుంది బెర్నార్దా. తన కూతుళ్ళ సంగతి మాత్రం ఆమెకు తట్టదు. 1936 జూన్‌లో ఈ నాటకం పూర్తిచేశాడు లోర్కా. ఆగస్టులో ఆయన్ని గ్రనాదా దగ్గర కాల్చి చంపేశారు. మొదటి ప్రదర్శన 1945లో, అదీ బ్యూనస్ ఐరిస్‌లో.

రెండోది అదే 1936 వేసవిలో నీ మాడ్రిడ్‌లోనే మొదలవుతుంది. ఫెర్నాందో ఫెర్నాన్ గోమెస్ రాశాడు. పేరు ‘సైకిళ్ళు వేసవి కోసమే’. లూయిస్ అనే కుర్రాడు ఫిజిక్స్ తప్పాడు. పాసైతే కొంటామన్న సైకిల్ స్నేహితులతో తిరగడానికి ఇప్పుడే కావాలంటాడు. ఈలోపు స్పెయిన్ అంతర్యుద్ధం వచ్చి మీద పడుతుంది. మూడేళ్ళ ఆకలి. కుండలో పప్పు తగ్గిపోతోందని అమ్మ గోల పెడితే, ఇంట్లో ఒక్కొక్కరూ ఎవరికీ తెలియకుండా చెంచాడు తిన్నామని ఒప్పుకుంటారు. అక్కడ పుస్తకం మూసేసి కాసేపు బయట కూర్చున్నాను. చివర్లో తండ్రి కొడుకుతో అంటాడు, వచ్చింది శాంతి కాదు, గెలుపు అని. మళ్ళీ వేసవి ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలని కూడా అంటాడు.

నువ్వు టెన్త్ రాసిన వేసవి గుర్తుందా? సైకిల్ కొంటానన్నాను. పరీక్షలైన నాలుగో రోజే తీసుకెళ్ళి బ్రిడ్జి కోర్సని హాస్టల్లో పడేశాను. మన ఇంటి మీద ఏ యుద్ధమూ వచ్చి పడలేదు. పక్కింటి వాళ్ళు చేర్చారని నేనూ చేర్చాను. నువ్వు ఒక్క మాట అనలేదు. తర్వాత తొక్కడం నేర్చుకున్నావో లేదో, నేర్చుకుంటే ఎవరి సైకిల్ మీదో కూడా నాకు తెలీదు.

ఆ నాటకం 1982లో మొదట ఆడింది ప్లాసా దె సాంతా ఆనాలోని తెయాత్రో ఎస్పాన్యోల్‌లో. దాని ఎదురుగానే చేతుల్లో పిట్టను పట్టుకున్న లోర్కా విగ్రహం ఉంటుంది. ఎండ చల్లబడ్డాక ఒక సాయంత్రం వెళ్ళి ఫోటో తీసి పంపు. నడిచి వెళ్ళొద్దు. నిన్న నీ అకౌంట్లో కాస్త డబ్బు వేశాను, ఫీజుకి కాదు. సెకండ్ హ్యాండ్‌దైనా పర్లేదు, ఈ నెల్లోనే కొనుక్కో.

హెల్మెట్ సంగతి కూడా రాయమంటోంది మీ అమ్మ.

నాన్న