కాలువలో కంప కొట్టడానికీ సర్కారే రావాలా?

మా ఉదయగిరి ప్రాంతంలో చెరువుకు నీళ్లొచ్చే కాలువలో కంప కొట్టాలన్నా ప్రభుత్వం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడం అలవాటైపోయింది. మా ఊరి కాలువ కోసం రెండేళ్లు సోమవారం సోమవారం అర్జీలిచ్చాం. ఎస్టిమేట్ వేశామన్నారు, శాంక్షన్ రాలేదన్నారు. ఈలోగా పడ్డ తుఫాను వాన చెరువు మొహం చూడకుండా వాగులో కలిసింది. (కాలువ నిండా మొలిచింది సర్కారు తుమ్మే లెండి!) చివరికి మొన్న వేసవిలో ఎకరాకు 300 రూపాయలు వేసుకుని జేసీబీ పెడితే రెండు రోజుల్లో పనైపోయింది. మా నాన్న కాలంలో ఇంటికో మనిషి పార పట్టుకొచ్చేవాడు, రాని ఇంటి మడికి నీళ్లు ఆఖర్న. ఇదే జిల్లాలో దూబగుంట అనే ఊరి ఆడవాళ్లు 1990ల మొదట్లో సారా కొట్టు మూయించడానికి జీవో కోసం ఆగారా? ప్రభుత్వమే వాళ్ల వెనక నడిచి 1993లో సారా నిషేధించింది. తూములు, కట్టకు గండ్లు ఇంజనీర్లు చూసుకోవాల్సిందే, అది మా వల్ల కాదు. కానీ పూడిక, కంప లాంటి చిన్న పనులు 1997 సాగునీటి చట్టం కింద ఏర్పడ్డ రైతుల నీటి సంఘాలకు పూర్తిగా వదిలేయాలి. పై ఆఫీసు అనుమతి అడగకుండా, నీటి తీరువాలో (రైతులు కట్టే నీటి పన్నులో) సంఘం వాటాను వేసవికి ముందే ఖాతాలో వేయాలి. లెక్క చెప్పాల్సింది ఊరికి. మా 300ల జమాఖర్చు ఇప్పటికీ రామాలయం గోడ మీద బొగ్గుతో రాసి ఉంది, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

– ఒక చెరువు కింది రైతు, ఉదయగిరి ప్రాంతం, నెల్లూరు జిల్లా