బడి రోడ్డు పైసల లెక్క: జమ ఎంత, ఖర్చు ఎంత, దేనికి

కాలనీ పెద్దలకు, అక్కలకు, అన్నలకు, కిరాయి ఇండ్లల్లో ఉండి కూడా చందా ఇచ్చిన వాళ్లకు నమస్తే. ఏప్రిల్‌లో ఇంటింటికీ తిరిగి వసూలు చేసిన బడి రోడ్డు పైసల లెక్క ఇది, నవంబర్ ఆఖరు దాకా. వాట్సాప్ గ్రూపులో ఎప్పటికప్పుడు బిల్లుల ఫొటోలు పెడుతూనే ఉన్నాం కానీ గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల కింద అవి ఎటు పోయాయో ఎవరికీ దొరకడం లేదు. ఈలోపల "స్పీడ్ బ్రేకర్లు వేస్తామని తీసుకున్నారు, బస్టాపులో బెంచీలు వేశారు" అనే మాట బాగా తిరుగుతోంది. అందుకే మొత్తం ఒక్కచోట రాస్తున్నాం. తొందరలో ఉన్నవాళ్లకు ముందే చెప్తున్నాం: జమ 1,44,300 రూపాయలు, ఖర్చు 1,33,450, మిగిలింది 10,850.

ముందు జమ. ఇంటికి 500 చొప్పున 146 ఇండ్ల నుంచి 73,000 వచ్చింది. ఇంకో 22 ఇండ్లవాళ్లు ఎవరి వీలును బట్టి వాళ్లు వంద నుంచి మూడు వందల దాకా ఇచ్చారు, అవన్నీ కలిపి 4,350. మెయిన్ రోడ్డు మీద, లోపల ఉన్న 19 దుకాణాలు తలా వెయ్యి ఇచ్చాయి, 19,000. బడివాళ్లు 10,000. అమెరికాలో ఉంటున్న మన కాలనీ తమ్ముడు పంపింది 25,000, పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు. ఆటో అడ్డా అన్నలు వాళ్లలో వాళ్లే పోగు చేసి 2,600 తెచ్చి ఇచ్చారు, మేం అడగలేదు. పిల్లలు పాత పేపర్లు అమ్మి తెచ్చింది 1,870. నిరుటి వినాయక చవితి లెక్కలో మిగిలిన 8,480 కూడా ఇందులోనే కలిపాం, ఉత్సవ కమిటీ మీటింగులో అందరూ ఒప్పుకున్నాకే. అది దేవుడి సొమ్ము కదా అని ఒకరిద్దరు గునిశారు. దేవుడి దగ్గరికి పోయేవాళ్లు కూడా ఆ రోడ్డు మీదనే నడవాలి.

ఇక పెద్ద పంచాయితీ, స్పీడ్ బ్రేకర్లు. వసూలుకు వచ్చినప్పుడు మేం చెప్పింది "బస్టాపు నుంచి బడి గేటు మీదుగా గుడి మలుపు దాకా పిల్లలు భయం లేకుండా నడిచేటట్టు చేద్దాం" అని. రశీదు వెనుక కూడా అదే అచ్చు వేయించాం, ఉంటే తిప్పి చూడండి. అయినా చాలామంది మనసులో రోడ్డు భద్రత అంటే స్పీడ్ బ్రేకర్, కంకర మీద ఇంత తారు పోసి దిబ్బ కట్టడం. అట్ల ఎవరికి వాళ్లు రోడ్డు మీద కట్టుకోవడానికి లేదు, కార్పొరేషన్, ట్రాఫిక్ పోలీసుల అనుమతి కావాలి. పైగా దానికి ఒక కొలత ఉంది. రోడ్ల కొలతలు ఖాయం చేసే ఇంజనీర్ల సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన గుండ్రటి హంప్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది, దాని మీద బండి గంటకు 25 కిలోమీటర్ల వేగంతో నడుం విరగకుండా పోవాలి. మన గల్లీల్లో కనిపించేవి జానెడు వెడల్పు, మోకాలి కింద దాకా ఎత్తు. వాటి మీద రాత్రిపూట పడేది బైకు మీద వెనక కూర్చున్న ఆడవాళ్లే, ఇబ్బంది పడేది గర్భిణులు, నడుం నొప్పి ఉన్న పెద్దవాళ్లు. కారువాడు కొంచెం తిట్టుకుని పోతాడు, అంతే.

అందుకని మేం వేగాన్ని మలుపుల దగ్గర పట్టుకున్నాం. మెయిన్ రోడ్డు నుంచి బడి రోడ్డులోకి తిరిగే మూల చాలా వెడల్పుగా ఉండేది, బైకులు బ్రేకు మీద కాలు పెట్టకుండానే కోసుకుంటూ లోపలికి వచ్చేవి. ఆ మూలలో, గుడి మలుపులో నారింజ రంగు స్ప్రింగ్ పోస్టులు బిగించి మలుపును ఇరుకు చేశాం. ఇప్పుడు తిరగాలంటే నెమ్మది కావాల్సిందే. నడిచేవాళ్లు దాటాల్సిన దూరం కూడా తగ్గింది. 24 పోస్టులు, ఒక్కోటి 420 చొప్పున 10,080, బోల్టులు, డ్రిల్లింగ్ 1,900, మొత్తం 11,980. రెండు పోస్టులను ఎవరో కారుతో తొక్కారు, అవి మళ్లీ లేచి నిలబడ్డాయి, స్ప్రింగ్‌వి తీసుకున్నది అందుకే. "నా ఇన్నోవా తిరగడం లేదు" అని వచ్చిన అన్నకు కొలిచి చూపించాం. స్కూల్ బస్సు తిరుగుతోంది, చెత్త ట్రాక్టర్ తిరుగుతోంది, నీళ్ల ట్యాంకర్ తిరుగుతోంది. ఇన్నోవా కూడా తిరుగుతుంది, కొంచెం నెమ్మదిగా.

వేగం మీద ఇంత పట్టుదల ఎందుకు అంటే, సగటు వేగం ఒక్క శాతం పెరిగితే ప్రాణం పోయే ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, మనుషులు బండ్లు కలిసి తిరిగేచోట 30 దాటొద్దని కూడా చెప్తోంది. 2022లో మన దేశంలో రోడ్డు మీద చనిపోయినవాళ్లు 1,68,491 మంది అని కేంద్ర ప్రభుత్వ లెక్క. అందులో 44.5 శాతం టూ వీలర్ల మీద పోయినవాళ్లు, 19.5 శాతం ఉత్తగా నడుస్తున్నవాళ్లు. అంటే ముగ్గురిలో దాదాపు ఇద్దరు కారు తలుపు కూడా అడ్డం లేనివాళ్లు. మన కాలనీ నుంచి పొద్దున బయటికి పోయేది ఎక్కువమంది వాళ్లే.

అన్నిటికంటే పెద్ద ఖర్చు మోరీ మీది స్లాబులు. ఫుట్‌పాత్ అని పేరే గానీ, అదంతా మోరీ మూతల మీది నడక. మూతలు పగిలినచోట పిల్లలు రోడ్డు మీదికి దిగి నడిచేవాళ్లు, దిగినచోటనే బండ్లు వచ్చేవి. 28 స్లాబులు, ఒక్కోటి 950 చొప్పున 26,600. మేస్త్రీ, కూలీలకు 7,200. ఇండ్లు కట్టినప్పుడు మిగిలిన కంకర, ఇటుక ముక్కలు ఏండ్లనుంచి ఫుట్‌పాత్ మీదనే ఉన్నాయి. ఎవరివి అని అడిగితే ఎవరివీ కావు. వాటిని ఎత్తడానికి జేసీబీ, ట్రాక్టర్ కిరాయి 5,400. మొత్తం 39,200. ఇది కార్పొరేషన్ పని కదా, మన పైసలు ఎందుకు అనే ప్రశ్న న్యాయమైనదే. దరఖాస్తు పెట్టాం, అక్నాలెడ్జ్‌మెంట్ ఉంది. పనిచేసుకోండి అని అనుమతి వచ్చింది గానీ నిధులు వచ్చే ఏడాది చూద్దాం అన్నారు. జూన్‌లో బడి తెరిస్తే వాన కూడా తెరుస్తుంది. నీళ్లు నిండితే ఏది రోడ్డు, ఏది మోరీ అన్నది తెలియదు కాబట్టి ఆగలేదు. ఆగితే బాగుండేది అన్నవాళ్ల అభిప్రాయం కూడా మినిట్స్‌లో రాశాం.

జీబ్రా గీతలు రెండుచోట్ల, బడి గేటు ముందు ఒకటి, బస్టాపు ఎదురుగా ఒకటి. సాదా పెయింట్‌తో అయితే మూడో వంతులో అయిపోయేది. నిరుడు గేటు ముందు వేసిన సాదా గీతలు దసరా నాటికి కంటికి కనిపించలేదు. ఇది థర్మోప్లాస్టిక్, వేడి చేసి పోస్తారు, పైన గాజు పూసలు చల్లుతారు, రాత్రి హెడ్‌లైటు పడితే మెరుస్తుంది. 21 చదరపు మీటర్లు, 650 చొప్పున 13,650. మిషన్ తెచ్చినందుకు 4,000. మొత్తం 17,650. ఆ కాంట్రాక్టర్ మొదటిరోజు పూసలు చల్లకుండానే సర్దుకుని పోబోతుంటే మన రిటైర్డ్ ఇంజనీర్ సార్ లుంగీ మీదనే వచ్చి ఆపారు. మిగతా కథ ఆయన్నే అడగండి, బాగా చెప్తారు.

ఇప్పుడు బెంచీల సంగతి. బస్టాపు మీద రేకుల నీడకు 18,600, రెండు బెంచీలకు 7,000, సోలార్ లైటుకు 3,200, మొత్తం 28,800. రేపు కార్పొరేషన్ సొంతంగా షెల్టర్ కడితే విప్పి ఇంకోచోట పెట్టుకునేటట్టు అన్నీ బోల్టులతోనే బిగించాం. రోడ్డు భద్రత పైసలు బస్టాపుకు ఎందుకు అంటారా? 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం అయ్యాక పొద్దున ఆ స్టాపులో ఎంతమంది నిలబడుతున్నారో పోయి చూడండి. హన్మకొండ చౌరస్తాకు, కాజీపేటకు, వరంగల్ స్టేషన్‌కు పనులకు పోయే అక్కలు, చెల్లెళ్లు, డిగ్రీ పిల్లలు. నీడ లేక ఎదురుగా ఉన్న వేపచెట్టు కింద నిలబడి, బస్సు కనిపించగానే కరీంనగర్ రోడ్డును అడ్డంగా ఉరికి దాటేవాళ్లు. నీడ ఇటువైపు పెడితే ఆ ఉరుకుడు ఆగింది. పైగా బస్సు ఎక్కే ఒక్కో మనిషి అంటే మన గల్లీలో స్టార్ట్ కాని ఒక్కో స్కూటీ. పొగ తగ్గాలి, ట్రాఫిక్ తగ్గాలి అని మీటింగుల్లో చెప్పుకునే మాటలన్నీ చివరికి మన ఇంటి నుంచి బస్టాపు దాకా నడక ఎట్లుందన్నదాని దగ్గర తేలుతాయి. ఈ కమిటీ నమ్మేది అదే, పైసలు కూడా అట్లనే పెట్టాం.

బడి లోపల సైకిల్ స్టాండుకు 14,000. నగరాల్లో సైకిల్ వాడకం పెంచడానికి కేంద్రం పెట్టిన సైకిల్స్ ఫర్ చేంజ్ పోటీలో 2021లో దేశం మొత్తం మీద గెలిచిన 11 నగరాల్లో మన వరంగల్ ఒకటి. బయటి ఊర్ల చుట్టాలకు చెప్పుకోవడానికి బాగానే ఉంది గానీ మన బడిలో సైకిల్‌కు తాళం వేసి పెట్టే జాగా ఉండేది కాదు. రెండు సైకిళ్లు పోయాక తల్లిదండ్రులు మళ్లీ స్కూటీ మీద దింపడం మొదలుపెట్టారు, గేటు ముందు ఆ రద్దీ అంతా వాటిదే. బడి ఇచ్చిన 10,000 ఇందులోనే పోయింది, మనం కలిపింది 4,000.

రిఫ్లెక్టివ్ టేపుకు 6,900, ఆరు రోల్స్, 1,150 చొప్పున. ఇది ఎవరూ అడగని ఖర్చు, మాకు మాత్రం బాగా నచ్చిన ఖర్చు. పత్తి సీజన్ మొదలైతే హుజూరాబాద్, ఎల్కతుర్తి దిక్కు నుంచి ఏనుమాముల మార్కెట్‌కు పోయే ట్రాక్టర్లు చీకటితోనే మన స్టాపు ముందు నుంచి పోతాయి. ట్రాలీ వెనుక లైటు ఉండదు, ఉన్నా పత్తి బోరేల కింద దాక్కుంటుంది. మన కుర్రాళ్లు చాయ్ హోటల్ దగ్గర ఆగిన ట్రాక్టర్లకు వెనక ఎర్ర టేపు, పక్కలకు పసుపు, ముందు తెలుపు అతికించారు. ఒక రైతన్న "దీనికెంత?" అని జేబులో చెయ్యి పెట్టాడు, పైసలు వద్దంటే సంచిలోంచి ఇన్ని జామకాయలు ఇచ్చి పోయాడు. జామకాయలు జమలో రాయలేదు, కుర్రాళ్లు తిన్నారు. ఆటో అడ్డా అన్నల బండ్లన్నిటికీ కూడా వేశాం.

ఆదివారం పొద్దున బడి రోడ్డు మూసి పిల్లలకు వదిలినందుకు 4,260, తాళ్లు, చాక్‌పీసులు, మైకు కిరాయి, మంచినీళ్లు. 2013లో గుర్గావ్‌లో రాహ్‌గిరి అని మొదలుపెట్టింది ఇట్లాంటిదే. బండి తీయలేకపోతున్నాం అని గొడవ చేసినవాళ్లున్నారు. బతుకమ్మకు తొమ్మిది రోజులు అదే రోడ్డు మీద అందరం ఆడితే ఒక్కరూ బండి తీయలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. అంబులెన్స్ వస్తే తాడు విప్పడానికి ఇద్దరిని పెట్టే చేస్తున్నాం.

మిర్చి బండిని, పండ్ల బండ్లను తీసేయమన్నవాళ్లూ ఉన్నారు. తీసేయలేదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం మనం తరిమేయడానికి లేదు, తరిమే ఉద్దేశం మాకు లేదు కూడా. రాత్రి తొమ్మిదింటికి ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లకు ఆ మిర్చి బండి దగ్గరి లైటు, నలుగురు మనుషులే ధైర్యం. ఫుట్‌పాత్‌కు అడ్డం లేకుండా పక్కన నేల చదును చేసి అక్కడికి జరిపాం, 3,800.

చిన్నవి మిగిలాయి. ఫ్లెక్సీ బోర్డులు 2,400 (వాటి మీద ఎవరి ఫొటో లేదు, అడిగినా పెట్టలేదు). కూలీలకు, వాలంటీర్లకు చాయ్ టిఫిన్లు 3,150. జిరాక్సులు, దరఖాస్తులు, రశీదు బుక్కులు 1,310. కమిటీవాళ్ల పెట్రోల్ ఖర్చు ఇందులో లేదు.

మిగిలిన 10,850లో 9,600 బ్యాంకులో ఉంది, 1,250 కోశాధికారి దగ్గర నగదు. సీసీ కెమెరా పెడదాం అని ఒక ప్రతిపాదన ఉంది, గుడి మలుపులో ఇంకో లైటు పెడదాం అని ఇంకోటి. రెండూ పెట్టడానికి పైసలు చాలవు. కమిటీలో ఎక్కువమంది లైటు దిక్కే ఉన్నారు, కెమెరా జరిగినదాన్ని చూపిస్తుంది, లైటు జరగకుండా చూస్తుంది అని వాళ్ల వాదన. మీరు వచ్చే ఆదివారం సాయంత్రం ఆరింటికి కమ్యూనిటీ హాల్‌కు వచ్చి చెప్పండి. బిల్లుల ఫైలు, బ్యాంకు పాస్‌బుక్ అక్కడే టేబుల్ మీద ఉంటాయి. చందా ఇచ్చినవాళ్ల జాబితా కిరాణా దుకాణం గోడకు అంటించాం, పేరు లేకపోయినా అంకె తేడా ఉన్నా రశీదు తీసుకుని ఆ లోపలే రండి, సోమవారం ఫైలు ఆడిటర్ దగ్గరికి పోతుంది.