పోటీ కంపెనీలకు ఒకే డైరెక్టరా?

సంపాదకులకు నమస్కారం.

ఒకే వ్యాపారంలో ఉన్న రెండు కంపెనీల బోర్డుల్లో ఒకే వ్యక్తి స్వతంత్ర డైరెక్టరుగా, అంటే యాజమాన్యంతో సంబంధం లేకుండా దానిపై కన్నేసి ఉంచాల్సిన సభ్యుడిగా, కొనసాగుతున్న సంగతిని గత వారం మీరు వాణిజ్య పేజీ అడుగున చిన్న వార్తగా ముగించడం బాధ కలిగించింది. సరుకు ధర ఎంత పెంచాలి, ఏ టెండరుకు ఎంత వేయాలి, కొత్త కర్మాగారం ఎక్కడ కట్టాలి అన్నవి తేలేది బోర్డు సమావేశంలోనే. అక్కడ విన్న లెక్కలను ఆ పెద్దమనిషి పోటీ కంపెనీ బోర్డులో కూర్చోగానే మరచిపోతారని మదుపరులు, వినియోగదారులు ఎలా నమ్మాలి?

ఈ ప్రమాదం మన చట్టకర్తలకు తెలియనిది కాదు. ఒక బ్యాంకు డైరెక్టరు మరో బ్యాంకు బోర్డులో ఉండరాదని 1949 నాటి బ్యాంకింగ్ నియంత్రణ చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. అమెరికాలో 1914 నాటి క్లేటన్ చట్టం ఈ నిషేధాన్ని ఇతర రంగాల పెద్ద కంపెనీలకూ పెట్టింది. గూగుల్, యాపిల్ బోర్డుల్లో ఒకరే ఉండడంపై అక్కడ విచారణ సాగుతుండగానే 2009లో గూగుల్ అధిపతి ఎరిక్ ష్మిట్ యాపిల్ బోర్డు నుంచి తప్పుకున్నారు. మన 2013 కంపెనీల చట్టం మాత్రం ఒక వ్యక్తికి 20 కంపెనీల వరకు, అందులో 10 పబ్లిక్ కంపెనీల వరకు అనుమతిస్తుంది. స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ, ఆ మార్కెట్లలో నమోదైన (లిస్టెడ్) కంపెనీల్లో ఏడుకు మించరాదంది. ఆ ఏడూ ఒకదానితో ఒకటి పోటీపడేవైనా ఆ పరిమితి అడ్డురాదు.

కుమ్మక్కు జరిగాక పట్టుకోవచ్చులే అనేవారు సిమెంటు కేసును గుర్తు తెచ్చుకోవాలి. ధరల విషయంలో కూడబలుక్కున్నాయంటూ ప్రముఖ సిమెంటు కంపెనీలపై, మార్కెట్లో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ 2012లో 6,000 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధిస్తే, ఆ వ్యవహారం ఏళ్ల తరబడి అప్పీళ్లలోనే నలిగింది. ఇల్లు కట్టుకున్నవారు చెల్లించిన ధర వారికి తిరిగి రాలేదు.

స్వతంత్ర డైరెక్టర్లే కాపలా అన్న మాటను హైదరాబాదు వాసులు ఇక నమ్మలేరు. పెద్ద పేరున్న స్వతంత్ర డైరెక్టర్లు ఉండగానే, తమ ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికే చెందిన మేటాస్ సంస్థల కొనుగోలుకు సత్యం కంప్యూటర్స్ బోర్డు 2008 డిసెంబరులో ఆమోదం తెలిపింది. ఇంత జరిగినా పదవీ విరమణ చేసిన ఉన్నతాధికారులు నిన్నటిదాకా తాము పర్యవేక్షించిన రంగంలోని కంపెనీల్లోనే డైరెక్టర్లుగా చేరడం ఆగలేదు. ఇది నాకు మింగుడుపడడం లేదు.

బ్యాంకులకున్న నిషేధాన్ని సిమెంటు, మందులు, టెలికాం వంటి రంగాలకూ విస్తరించేలా కంపెనీల చట్టాన్ని సవరించాలని మన ఎంపీలు పార్లమెంటులో పట్టుబట్టాలి. డైరెక్టర్లకున్న ఇతర పదవులను కంపెనీలు వార్షిక నివేదికల్లో ఎలాగూ అచ్చువేస్తున్నాయి. వాటిలో పోటీ కంపెనీలేవో విడిగా చూపమని సెబీ ఈ ఏడాదే ఆదేశించవచ్చు.

— ఒక చిన్న మదుపరి, గుంటూరు