శ్రీశైలం ఘాట్ వేరు, లద్దాఖ్ కనుమలు వేరు

సంపాదకుడు గారికి నమస్కారం.

వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయి. హైదరాబాద్‌లో ఎక్కడ చూసినా లద్దాఖ్ యాత్రల ఫ్లెక్సీలే. వాటిలో మంచు ఉంది, మోటార్ సైకిళ్లు ఉన్నాయి, తగ్గింపు ధర ఉంది. ఎత్తు గురించి ఒక్క ముక్క లేదు.

నిరుడు జూన్‌లో మేమూ వెళ్లాం. నగరంలోని ఒక ఏజెన్సీ ఇచ్చిన కాగితం ప్రకారం మొదటి రోజు ఢిల్లీ మీదుగా విమానంలో లేహ్, రెండో రోజు ఉదయమే ఖర్దుంగ్ లా దాటి నుబ్రా లోయ. అక్కడి భాషలో 'లా' అంటే కనుమ. మన హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. లేహ్ 3,500 మీటర్లు, ఖర్దుంగ్ లా 5,359 మీటర్లు. ఒకటిన్నర రోజులో ఇంత ఎత్తుకు మనిషిని ఎక్కించకూడదని ఏజెన్సీ చెప్పలేదు. అడగాలని మాకు తెలియలేదు.

లేహ్ నుంచి కనుమ 40 కిలోమీటర్లే. సగం దారిలో నా భార్యకు తలనొప్పి, తర్వాత వాంతులు మొదలయ్యాయి. ఘాట్ రోడ్డు కదా, మామూలే అనుకున్నాం. శ్రీశైలం వెళ్లినప్పుడల్లా దోమలపెంట దాటాక ఆమెకు కడుపులో తిప్పుతుంది. అప్పటిలాగే పర్సులోంచి ఎండు ఉసిరి ముక్క తీసి బుగ్గన పెట్టుకుని కళ్లు మూసుకుంది. పైకి చేరాక ఫొటో కోసం దిగాం. స్వెటర్ బొత్తాం పెట్టుకోవడానికి ఆమెకు వేళ్లు సహకరించలేదు. ఇది ఏ ఊరని నన్ను రెండుసార్లు అడిగింది. పెదవులు నేరేడు పళ్లు తిన్నట్టు నల్లబడ్డాయి. నాలుగు అడుగులు వేసి తూలింది. మా లద్దాఖీ డ్రైవర్ ఆమె ముఖం ఒక్కసారి చూశాడు. మమ్మల్ని ఏమీ అడగకుండా కారును లేహ్ వైపు తిప్పాడు. ఆ మనిషికి మా కుటుంబం జీవితాంతం రుణపడి ఉంటుంది.

ఆసుపత్రిలో రెండు రాత్రులు ఆక్సిజన్ పెట్టారు. అక్కడి డాక్టర్ గారు ఓపిగ్గా వివరిస్తే గాని మాకు అర్థం కాలేదు. పైకి వెళ్లేకొద్దీ గాలి పీడనం పడిపోతుంది. ఖర్దుంగ్ లా మీద అది సముద్ర మట్టంలో ఉండేదానిలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. ఒంటికి అలవాటు పడే వ్యవధి ఇవ్వకపోతే కొందరికి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది, కొందరికి మెదడు వాస్తుంది. వయసులో ఉన్నవారికి, వ్యాయామం చేసేవారికి రాదన్న భరోసా లేదు. మలుపుల వల్ల వచ్చే వాంతులు కారు ఆపితే తగ్గుతాయి. ఎత్తు వల్ల వచ్చినవి అక్కడే ఆగితే ముదురుతాయి, కిందికి దిగాలి. ఈ తేడా తెలియకే మేము గంటకు పైగా పోగొట్టుకున్నాం. లేహ్ చేరిన వారు కనీసం 48 గంటలు విశ్రాంతి తీసుకోవాలని అక్కడి అధికారులు చెబుతూనే ఉన్నారు. ఆ మాట హైదరాబాద్ దాకా రావడం లేదు.

రోడ్డు మీద వెళ్లేవారికీ ఇదే ప్రమాదం. ఒకప్పుడు మనాలి నుంచి బయల్దేరితే 3,978 మీటర్ల రోహ్‌తంగ్ కనుమ ఎక్కి దిగేసరికే పొద్దు చాలా గడిచేది. 2020 అక్టోబరులో 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచాక దారి 46 కిలోమీటర్లు తగ్గింది. సొరంగం అవతలి లాహౌల్ లోయ ప్రజలకు అది వరం, చలికాలంలో ఆసుపత్రికి దారి దొరికింది. కానీ మిగిలిన సమయాన్ని మనవాళ్లు విశ్రాంతికి వాడటం లేదు. అదే రోజు 4,890 మీటర్ల బారాలాచా లా కూడా దాటి, 4,200 మీటర్లకు పైనున్న సర్చులో గుడారాల్లో పడుకుంటున్నారు. కారు ఎక్కినంత సులువుగా ఒళ్లు ఎక్కదు. దారిలో అంతకంటే కిందనున్న జిస్పా ఊళ్లో ఒక రాత్రి ఆగితే పోయేదేముంది? శ్రీనగర్ దారిలో జోజి లా కింద 13 కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వుతున్నారు, తవ్వుతున్నది మన హైదరాబాద్ సంస్థే. అది పూర్తయితే తెలుగు యాత్రికులు ఇంకా పెరుగుతారు.

రాష్ట్ర పర్యాటక శాఖకు నా విన్నపం ఒక్కటే. లేహ్‌లో రెండు రాత్రులు గడవకముందే కనుమలు ఎక్కించే యాత్రలను ఇక్కడ అమ్మనివ్వవద్దు. టికెట్‌తో పాటు ఈ లక్షణాలు, జాగ్రత్తలు రాసిన తెలుగు కాగితం ఇవ్వడం ఏజెన్సీలకు తప్పనిసరి చేయాలి. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవారు ముందే డాక్టర్‌ను కలవాలని అందులో పెద్ద అక్షరాల్లో ఉండాలి. మీ పత్రిక కూడా యాత్రల పేజీలో ప్రతి కనుమ ఫొటో కింద దాని ఎత్తు, అక్కడికి ఎన్నో రోజున వెళ్లాలో వేయాలని కోరుతున్నాను.

నిన్న మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర అదే ఏజెన్సీ కొత్త కరపత్రం దొరికింది. రెండో రోజు, ఉదయం 7 గంటలకు, ఖర్దుంగ్ లా. దాని నకలు ఈ లేఖకు జతచేస్తున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
మల్కాజిగిరి, హైదరాబాద్