గ్వాంగ్‌జౌ అంటే టవరు ఒక్కటే కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

ఆదివారం అనుబంధంలో చైనాలోని గ్వాంగ్‌జౌ గురించి వేసిన వ్యాసం చదివాను. 600 మీటర్ల టవరు, అద్దాల మేడలు, నది మీద పడవ షికారు, అన్నీ బాగానే రాశారు. చివర్లో ‘ఈ ఊళ్లో పాతదేదీ మిగల్లేదు’ అన్నారే, అది మాత్రం మింగుడుపడలేదు. నాది విజయవాడ వన్‌టౌన్‌లో ప్లాస్టిక్ బొమ్మల హోల్‌సేల్ వ్యాపారం. సరుకు కోసం పన్నెండేళ్లుగా ఆ ఊరు వెళ్లొస్తున్నాను. మీ రచయిత అడుగుపెట్టని యుయెషియు జిల్లాలోనే నా పనంతా. అసలు పాత ఊరంటే అదే.

మేం సరుకు చూసేది యీదె రోడ్డులో. బొమ్మల కొట్లు, ఎండు చేపలు, ఎండు రొయ్యల కొట్లు అన్నీ ఆ ఒక్క బజారులోనే. శాంపిల్ కారు బొమ్మకి కూడా రొయ్యల వాసనే! ఇంటికొచ్చి సూట్‌కేసు తెరిస్తే మా ఆవిడ ముక్కు మూసుకుంటుంది. బేరమంతా కాలిక్యులేటర్ మీదే. వాళ్లొక అంకె నొక్కి చూపిస్తారు, నేను చెరిపేసి ఇంకోటి నొక్కుతాను. అట్టపెట్టెల బళ్ల మధ్య నుంచి తలెత్తితే రెండు శిఖరాల చర్చి కనిపిస్తుంది. ఫ్రెంచివాళ్లు 1863లో మొదలుపెడితే 1888లో పూర్తయింది. అంతా గ్రానైటే. స్థానికులు దాన్ని ‘రాతి ఇల్లు’ అంటారు.

అక్కణ్ణుంచి బీజింగ్ రోడ్డుకి నడిచే వెళ్లొచ్చు. బట్టలు, చెప్పుల షాపులతో కిటకిటలాడే బజారు. 2002లో అక్కడ తవ్వితే పాత రోడ్డు, దాని కింద ఇంకా పాత రోడ్డు, అలా తాంగ్ రాజుల కాలం నుంచి పోయిన శతాబ్దం దాకా పదకొండు వరసలు బయటపడ్డాయి. పూడ్చేయకుండా పైన అద్దం పరిచారు. నేను మొదటిసారి వెళ్లిన రోజు అద్దమంతా చెమ్మ. మోకాళ్ల మీద కూర్చుని జేబురుమాలుతో తుడిచాను. చెమ్మ లోపలివైపు ఉందని తర్వాత తెలిసింది. పక్కన ఐస్‌క్రీమ్ తింటున్న పిల్ల ఒకటే నవ్వు.

ఐదుగురు దేవతలు మేకలెక్కి వచ్చి ఈ ఊరికి వరి కంకులు ఇచ్చారని అక్కడి కథ. యుయెషియు పార్కులో గుట్ట మీద ఆ మేకల రాతి విగ్రహం ఉంది. పెద్ద మేకపోతు నోట్లో కంకి కూడా చెక్కారు. ఫోటో చూపిస్తే, ఉయ్యూరు దగ్గర వరి పండించిన మా నాన్న, ‘మన చేలో అలా కంకి కొరికితే బందెలదొడ్డికి తోలేవాళ్లంరా’ అన్నారు.

పాత వీధులు చాలా పోయిన మాట నిజమే. నా కళ్ల ముందే కొన్ని పోయాయి. అయినా ఏమీ మిగల్లేదనడం అన్యాయం. ఈసారి మీ రచయితని గోంగ్‌యువాన్‌ఛియెన్ మెట్రో స్టేషన్లో దిగమనండి. బీజింగ్ రోడ్డు అక్కడికి దగ్గరే.

ఇట్లు,
ఒక బొమ్మల వ్యాపారి,
వన్‌టౌన్, విజయవాడ