సీటు మీద తడిగుడ్డ కప్పిన అమ్మకు

కాలు రెండు దిండ్ల మీద పెట్టుకుని ఇది రాస్తున్నాను. కోట మెట్ల మీద పడి మూడు రోజులైంది. నిద్ర సరిగ్గా పట్టడం లేదు, కళ్లు మూస్తే ఆ మెట్లే కనిపిస్తున్నాయి. రాతలో తప్పులుంటే క్షమించండి. నొప్పి తగ్గాక తీరిగ్గా రాద్దామనుకుంటే కొన్ని విషయాలు మనసులోంచి జారిపోతాయని భయం.

సైకిల్ మీద బయల్దేరి 11 రోజులు, 1,040 కిలోమీటర్లు. 12వ రోజు రెస్ట్ డే పెట్టుకున్నాను. అప్పటికే రెండు చేతుల్లోనూ ఉంగరం వేలు, చిటికెన వేలు మొద్దుబారిపోయాయి. హ్యాండిల్ మీద అరచేతి అంచు రోజంతా ఒత్తుకుంటే అక్కడి నరం నలిగి అలా అవుతుంది. తొడల్లో సత్తువ లేదు. టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసులో 21 స్టేజీలకు 2 రెస్ట్ డేలు ఉంటాయి, ఆ రోజుల్లో కూడా రైడర్లు కాసేపు తేలిగ్గా తొక్కుతారు. నేనూ అలాగే, బ్యాగులన్నీ గదిలో వదిలేసి, ఖాళీ సైకిల్ మీద దగ్గర్లో కొండ మీదున్న కోట చూసొద్దామని వెళ్లాను. బరువు దిగిన సైకిల్ ఎంత తేలిగ్గా సాగిందో! ఆ నాలుగు కిలోమీటర్లూ చిన్నపిల్లలా తొక్కాను.

గేటు దగ్గర కార్లకు చోటుంది, బైకులకు చోటుంది, సైకిల్‌కు లేదు. రోడ్డు మీద పెట్టుకోమన్నారు. నా తాళమేమో గదిలో బ్యాగులో ఉండిపోయింది. వెనక్కి వెళ్లిపోదామని సైకిల్ తిప్పుతుంటే, చెట్టు కింద ఆకులు ఊడుస్తున్న ఒకామె పిలిచింది.

"ఇటు పెట్టు తల్లీ, నా చీపుర్ల పక్కన. సాయంత్రం దాకా నేనిక్కడే ఉంటా. ఎంతసేపట్లో వస్తావు?"

"గంటలో వచ్చేస్తానమ్మా" అన్నాను. మాట వరసకు అన్న మాట.

కోట బాగుంది. శత్రువులు నేరుగా దూసుకురాకుండా అడ్డంగా మలుపు తిప్పి కట్టిన ద్వారం, పైన వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్టి. ఇంకేం చూశానో ఇప్పుడు గుర్తు రావడం లేదు.

దిగేటప్పుడు పడ్డాను. తప్పు నాదే. చెప్పులు గదిలో వదిలి, పెడల్‌కు బిగించే క్లీట్ ఉన్న రోడ్డు బూట్లతోనే మెట్లెక్కాను. అడుగున ప్లాస్టిక్ ముక్క బయటికి పొడుచుకుని ఉంటుంది, నున్నటి రాయి మీద పట్టు ఉండదు. ఇంకో సంగతి డాక్టరు చెప్పేదాకా నాకు తెలియదు. సైకిల్ తొక్కేటప్పుడు కండరం ముడుచుకుంటూ పనిచేస్తుంది. మెట్లు దిగేటప్పుడు సాగుతూ బరువును ఆపాలి. అన్ని రోజులు తొక్కిన కాళ్లకు ఆ రెండో పని అలవాటు తప్పుతుందట. నిజమే, ఎక్కేటప్పుడు హాయిగా ఎక్కినదాన్ని, దిగేటప్పుడు మోకాళ్లు వణికాయి. దూర ప్రయాణాలు చేసేవాళ్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. రెస్ట్ డే అని మెట్ల మీదికి వెళ్లేముందు మామూలు బూట్లు వేసుకోండి.

ఎడమ మడమ లోపలికి మడత పడింది, టక్కున శబ్దం వినిపించింది. నేనున్నది వెనకవైపు మెట్ల దారి, మిట్టమధ్యాహ్నం, మనిషి జాడ లేదు. దారి చూసుకోవడానికి పొద్దుటి నుంచీ వాడిన ఫోన్‌లో 4 శాతం చార్జింగ్ ఉంది. ఆ 4 శాతం ఉన్నంతసేపూ బోర్డు మీద రాసిన హెల్ప్‌లైన్ నంబరుకే చేశాను. రింగవుతూనే ఉంది. ఫోన్ ఆగిపోయింది. సీసాలో నీళ్లు అయిపోయాయి. కేకలు వేశాను, కాసేపటికి గొంతు రావడం మానేసింది. గోడ నీడ జరుగుతుంటే నేనూ పిరుదుల మీద జరుగుతూ కూర్చున్నాను. అంత భయం నా జీవితంలో ఎప్పుడూ పడలేదు.

చాలాసేపటి తర్వాత కింది మలుపులో ఎవరో ఆయాసపడుతున్న చప్పుడు. ఆమె. ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేతిలో నీళ్ల సీసాతో, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ పెట్టి ఆగి, మళ్లీ ఎక్కుతోంది. మోకాళ్ల నొప్పులున్న మనిషి. నన్ను చూసి ముందు ఏమీ అనలేదు. పక్కన కూలబడి, సీసా మూత తీసి నా చేతికిచ్చి, అప్పుడంది:

"గంటలో వస్తానన్నావు కదమ్మా. మూడు గంటలైంది."

నేను ఏడ్చేశాను. నొప్పికి కాదు. 11 రోజులుగా నేనెక్కడున్నానో మా వాళ్లకు ఫోన్‌లో చుక్కలా కనిపిస్తూనే ఉంది. ఆ చుక్క ఆగిపోతే ఫోన్ ఆగిందనుకున్నారు, రెస్ట్ డే కదా పడుకుందిలే అనుకున్నారు. పేరు కూడా తెలియని ఈమె మాత్రం, నేను ఊరికే అన్న గంటను లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. గేటు దగ్గర చెప్పిందట, పైకి వెళ్లిన అమ్మాయి ఇంకా దిగలేదని. "మా డ్యూటీ గేటు వరకే" అన్నారట. ముందువైపు మెట్లన్నీ ఎక్కి, అక్కడ లేనని దిగి, మళ్లీ వెనకవైపు ఎక్కింది.

ఆమె చెంగుతో నా మొహం తుడిచింది. బూటు లేసు విప్పబోతే నేను కెవ్వుమన్నాను, "సరే సరే, ముట్టుకోనులే" అంటూ ఆ పాదం కింద తన మడతపెట్టిన తువ్వాలు పెట్టింది. తర్వాత లేచి, అంత చిన్న మనిషి, కొండంతా వినపడేలా కేక వేసింది. ఆ కేకకే ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు పరుగెత్తుకొచ్చారు.

నన్ను చేతుల మీద కిందికి తెచ్చేసరికి నా సైకిల్ పెట్టినచోట లేదు, గుండె ఆగినంత పనైంది. నీడ జరిగినప్పుడల్లా ఆమె దాన్నీ జరుపుతూ వచ్చిందట. చెట్టుకు అటువైపు ఉంది. సీటు మీద తడిగుడ్డ కప్పి ఉంది. "నల్లది కదా, కాలుతుందని" అంది. నేను దాని మీద మళ్లీ కూర్చుంటానని అనుకుని కప్పిన గుడ్డ అది. ఇది రాస్తుంటే కూడా నాకు కన్నీళ్లు ఆగడం లేదు.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. పని వదిలి పైకి వెళ్లిందని ఆరోజు ఆమెకు సగం పూట కట్ చేశారు. నా ఎదురుగానే ఆమెను కేకలేశారు. టికెట్ తీసుకున్న మనిషి దిగిందో లేదో చూసే పద్ధతి లేదు, పైన నీళ్లు లేవు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె లేదు, ఫోన్ ఎత్తే నాథుడు లేడు. ఇవన్నీ చేయాల్సినవాళ్ల జీతం ఎవరిదీ కట్ కాలేదు. చేసినామెకు కట్ అయింది! ఆ సగం పూట తిరిగి ఇవ్వాలని రాసి ఇచ్చాను. ఇంతవరకు జవాబు లేదు, ఊరుకోను. ఆమె పేరు రాస్తే మళ్లీ ఇబ్బంది పడుతుందని రాయడం లేదు.

డాక్టరు గారికి దండాలు. ఎముక వెనక నొక్కి చూసి, నాలుగడుగులు వేయమన్నారు, వేయలేకపోయాను. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది, బయటివైపు లిగమెంట్ చిరిగింది. ప్రయాణం ఇక్కడితో ఆపేశాను. మిగతా దారి అలాగే ఉంటుంది.

అమ్మా నాన్నా, అన్నయ్య రాత్రికి రాత్రి వచ్చేశారు. వాళ్లకు వేరే చెప్పేదేముంది.

అయ్యో, ఆ కాలేజీ తమ్ముళ్ల గురించి ఒక్క ముక్కే రాశాను. కింది దాకా మోశారు, ఒకరి మోచెయ్యి గోడకు గీరుకుపోయింది కూడా. మీకు చాలా చాలా థాంక్స్ తమ్ముళ్లూ. వ్యాన్ వెనక సైకిల్ ఎక్కించుకుని, గేర్లు మార్చే డీరైలర్ వంగకుండా, అది పైవైపుకు ఉండేలా పడుకోబెట్టాలని నేను అంటే ఓపిగ్గా విని అలాగే చేసిన డ్రైవరన్నకు. బిల్లు దగ్గర నా బదులు వరసలో నిలబడిన పెద్దాయనకు. గదిలో నా బ్యాగులు సర్ది పంపినవాళ్లకు.

ఎమర్జెన్సీ వార్డులో పక్క మంచం దగ్గర చార్జర్ ఇచ్చిన అక్కా, ఇంటికి మొదటి ఫోన్ మీ వల్లే చేయగలిగాను. హడావుడిలో మీ కేబుల్ నా బ్యాగులోనే వచ్చేసింది. ఇది మీ కంట పడితే ఒక్క మెసేజ్ పెట్టండి, పంపిస్తాను.