మేడే జెండాతోనే సరిపెట్టొద్దు

సంపాదకుడు గారికి,

మాది చీమకుర్తి. మా గెలాక్సీ గ్రానైటు రాయి దేశాలు దాటి పోతంది గానీ దాన్ని తీసినోళ్ళ గురించి మేడే నాడు తప్ప ఎవరూ మాట్లాడరు, ఆరోజన్నా జెండా ఎగరేసి మజ్జిగ తాగి ఇంటికి పోవడమే. మా బావ క్వారీలో డ్రిల్లింగు పని చేస్తాడు, సాయంత్రం వస్తే కనురెప్పల మీద కూడా దుమ్మే, రాత్రంతా దగ్గు. పోయినేడు వేలు నలిగితే ఓనరు ఆటో చార్జీలిచ్చి చేతులు దులుపుకున్నాడు, యూనియనోళ్ళు పోయి గేటు దగ్గర కూర్చుంటేనే ఆస్పత్రి ఖర్చులొచ్చినయ్. చందాలు తినే లీడర్లు లేరని నేననను. కానీ 1886లో చికాగో కూలీలు ఎనిమిది గంటల పని కోసం రోడ్డెక్కారు, 1923లో కార్మిక నాయకుడు సింగారవేలు మద్రాసులో మేడే జరిపాడు, అట్టా కొట్లాడితేనే గదా ఏదన్నా వచ్చింది. కూలి పెరిగితే వ్యాపారం దెబ్బతింటదంటారు గానీ ఆ డబ్బు మా ఊరి కిరాణా కొట్టుకే పోద్ది, అది కూడా వ్యాపారమే గదండీ. ముందు డ్రిల్లింగు చేసేవాళ్ళకి మంచి మాస్కులన్నా ఇప్పించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, చీమకుర్తి